నడుమునొప్పికి చేతివైద్యం: కైరోప్రాక్టిక్‌లో నిజమెంత?

నడుము పట్టివేసిన మనిషి వైద్యుని కంటె ముందుగా ఎదురుకాళ్ళతో పుట్టినవారి కోసం వెదకడం తెలుగు పల్లెలలో చాలాకాలంగా ఉన్న ఆచారం. పుట్టేటప్పుడు తలకు బదులు కాళ్ళు ముందుగా బయటికి వచ్చిన వ్యక్తి తన పాదంతో నడుమును తాకితే పట్టు విడిపోతుందని నమ్మిక. కొందరికి విడిపోయేది కూడ. అది పాదం మహిమ అనుకోనక్కరలేదు; పట్టివేసిన నడుము చాలామందిలో కొద్ది రోజులలోనో, వారాలలోనో తనంతట తానే సర్దుకొంటుంది. అలా సర్దుకోని నడుము సంగతి వేరు.

అట్టి నమ్మకాల మధ్య పెరిగి అమెరికాలో స్థిరపడిన గృహస్థుడొకడు కారులోనుండి బియ్యం బస్తా దించబోతాడు. నడుము కలుక్కుమంటుంది. మాత్రలు, వేడినీళ్ళ సంచి, పడక అన్నీ అవుతాయి. మూడు నెలలు గడచినా నొప్పి పోదు. ఎం.ఆర్.ఐ. చిత్రంలో డిస్కు ఉబ్బినట్లు నివేదిక వస్తుంది. ఆపరేషను అన్న మాట చెవిని పడగానే ఇంటిల్లిపాదికీ నిద్ర కరవవుతుంది. ఆ సమయంలో తోటి ఉద్యోగి ఒకరు, “కత్తి అక్కరలేదు, మందూ అక్కరలేదు, కైరోప్రాక్టరు వద్దకు వెళ్ళండి” అని సలహా ఇస్తారు. వెళ్ళవచ్చునా? వెళితే ఆ వైద్యుడు చేసేదేమిటి? ఎవరు వెళ్ళరాదు? ఈ ప్రశ్నలకు నేటి విజ్ఞానం చాలవరకు సమాధానం చెప్పగలదు.

వెన్నెముక కట్టడం

పెద్దవారి వెన్నెముకలో కదిలే పూసలు 24. మెడలో 7, వీపులో 12, నడుములో 5. వాటికి దిగువన త్రికాస్థి, తోకఎముక ఉంటాయి. శరీరపు బరువులో అధికభాగాన్ని మోస్తూ ముందుకు, వెనుకకు, పక్కలకు వంగవలసిన బాధ్యత నడుములోని అయిదు పూసలది. అందుకే చిక్కులలో పెక్కు అట్టడుగున ఉన్న రెండు డిస్కుల వద్దనే తలెత్తుతాయి.

పూసకూ పూసకూ మధ్య మెత్తవలె అమరినదే డిస్కు. దాని అంచున కొల్లాజెన్ నారలతో అల్లిన వలయాలు ఉల్లిపొరల వలె ఒకదాని చుట్టూ ఒకటి ఉంటాయి. వాటి నడుమ జిగురువంటి గుజ్జు ఉంటుంది. ఈ గుజ్జులోని రసాయనం ముచ్చటైనది. అందులో ప్రోటియోగ్లైకాన్ అనే బృహదణువులున్నాయి. సీసాలు కడిగే కుంచెకు వెండ్రుకలున్నట్లు వీటికి అనేక శాఖలు, ఆ శాఖల నిండా రుణవిద్యుదావేశం గల సల్ఫేటు, కార్బాక్సిలేటు సమూహాలు. ఆ ఆవేశాలు సోడియం అయానులను తమవైపు రప్పించుకొంటాయి. లోపల అయానులు ఎక్కువయ్యేసరికి వెలుపలి నీరు లోనికి చేరుతుంది. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టించినప్పుడు ఊటను బయటికి లాగే ద్రవాభిసరణమే ఇక్కడ నీటిని లోనికి లాగుతుంది. యౌవనంలో ఈ గుజ్జులో సుమారు 80 శాతం నీరే. ఆ నీటి పీడనమే పూసలను ఎడంగా నిలుపుతుంది.

పగలంతా నిలబడి, కూర్చుని తిరిగే మనిషి బరువుకు డిస్కులలోని నీరు కొంత బయటికి పోతుంది; రాత్రి పడుకొన్నప్పుడు తిరిగి చేరుతుంది. అందువల్లనే మనిషి సాయంకాలం కంటె ఉదయాన ఒకటి రెండు సెంటీమీటర్లు పొడవుగా ఉంటాడు. నిద్ర లేచిన వెంటనే డిస్కులు నీటితో బిగిసి ఉంటాయి కనుక అప్పుడు వంగితే వాటిపై ఒత్తిడి ఎక్కువ. నడుమునొప్పి ఉన్నవారు తెల్లవారగానే పార పట్టుకొని వాకిట మంచు ఎత్తిపోయడం మంచిది కాదనడానికి ఆధారం ఇదే.

మరొక విశేషం: పెద్దవారి డిస్కు లోపలి భాగానికి రక్తనాళాలు లేవు. గ్లూకోజు, ఆక్సిజను పూసల అంచున ఉన్న పలుచని మృదులాస్థి పలకగుండా మెల్లగా వ్యాపనం చెంది లోనికి రావాలి. లాక్టిక్ ఆమ్లం అదే దారిన బయటికి పోవాలి. వయస్సు పెరిగేకొద్దీ ప్రోటియోగ్లైకానులు తగ్గుతాయి, నీరు తగ్గుతుంది, డిస్కు పలుచబడుతుంది. రక్తప్రసారం లేని చోట మరమ్మతు కూడ నిదానంగానే జరుగుతుంది.

చిత్రం చెప్పేది, చెప్పనిది

పన్నెండు వారాలు దాటిన నొప్పిని దీర్ఘకాలికమని వైద్యులు వ్యవహరిస్తారు. ప్రపంచంలో 2020 నాటికి నడుమునొప్పితో బాధపడుతున్నవారు దాదాపు 61 కోట్ల 90 లక్షల మంది అని అంచనా. వీరిలో అత్యధికుల విషయంలో ఫలానా ఎముక, ఫలానా నాడి కారణమని వేలు పెట్టి చూపడం సాధ్యం కాదు.

మరి ఎం.ఆర్.ఐ. చిత్రంలో కనిపించిన ఉబ్బు సంగతి? 1994లో అమెరికాలో నడుమునొప్పి ఏ కోశానా లేని 98 మందికి ఆ పరీక్ష చేసి చూశారు. వారిలో 52 శాతం మందికి ఒక చోటనైనా డిస్కు ఉబ్బి ఉంది. అన్ని డిస్కులూ సవ్యంగా ఉన్నవారు 36 శాతం మాత్రమే. 2015లో అనేక పరిశోధనలను కలిపి పరిశీలించినప్పుడు, నొప్పి లేనివారిలోనే ఇరవై ఏళ్ళ వయస్సులో 37 శాతం మందికి, ఎనభై ఏళ్ళకు 96 శాతం మందికి డిస్కు క్షీణించిన గుర్తులు కనిపించాయి. ఇవి చాలవరకు నెరసిన జుట్టువంటివి. వయస్సును తెలుపుతాయి, నొప్పికి అవే కారణమని చెప్పలేవు. చిత్రం చూసి బెదరి మంచం పట్టినవారికి ఈ సంగతి తెలియడమే సగం మందు.

డిస్కు గుజ్జు బయటికి పొడుచుకొని వచ్చి నాడి మొదలును నొక్కినప్పుడు మాత్రం కథ మారుతుంది. నొప్పి పిరుదునుండి మోకాలు దాటి పాదం వరకు పాకుతుంది, తిమ్మిరి పుడుతుంది. ఆయుర్వేదం గృధ్రసి అన్నదీ, నేటి వైద్యులు సయాటికా అంటున్నదీ ఇదే.

దెబ్బ మానినా నొప్పి మానకపోవడానికి మరొక కారణం నాడీమండలంలో ఉంది. నెలల తరబడి నొప్పి సందేశాలు అందుకొన్న వెన్నుపాము, మెదడు అతి సున్నితంగా మారుతాయి. దొంగ వెళ్ళిపోయిన తరువాత కూడ మొరిగే కుక్క వలె, చిన్న కదలికకే పెద్ద నొప్పిని చాటుతాయి. నొప్పికి భయపడి మనిషి కదలడు. కదలక కండరాలు బలం కోల్పోతాయి. బలం లేని నడుము మళ్ళీ నొప్పి పెడుతుంది.

అయోవాలో పుట్టిన వైద్యం

కైరోప్రాక్టిక్ అన్న పేరు చేయి, క్రియ అనే అర్థాలు గల రెండు గ్రీకు మాటల కలయిక. దీని మూలపురుషుడు డి. డి. పామర్. 1845లో కెనడాలో పుట్టి, అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున ఉన్న డావెన్‌పోర్ట్ పట్టణంలో అయస్కాంత వైద్యుడనే పేరుతో చికిత్స చేస్తుండేవాడు. 1895 సెప్టెంబరు 18న, వినికిడి తగ్గిన హార్వీ లిల్లార్డ్ అనే వ్యక్తి వెన్నుపూసను చేతితో నొక్కి సరిచేశాననీ, దానితో అతనికి చెవులు వినిపించాయనీ పామర్ చెప్పుకొన్నాడు. 1897లో పాఠశాల నెలకొల్పాడు. పూసలు స్థానం తప్పడమే దాదాపు సకల రోగాలకూ మూలమని ఆయన సిద్ధాంతం. శరీరశాస్త్రం దీనిని సమర్థించదు. వినికిడి నాడి కపాలంలోనే ఉంటుంది. అది వెన్నెముకగుండా పోదు.

లైసెన్సు లేకుండా వైద్యం చేశాడని 1906లో పామర్‌ను జైలులో పెట్టారు. 1913లో కాన్సాస్ రాష్ట్రం తొలిసారిగా ఈ వృత్తికి చట్టబద్ధత కల్పించింది. చిట్టచివర 1974లో లూసియానా ఆ పని చేసింది. ఈలోగా అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దీనిని నకిలీ వైద్యంగా పరిగణించి, తన వైద్యులను కైరోప్రాక్టర్లతో కలిసి పనిచేయవద్దని కట్టడి చేసింది. చెస్టర్ విల్క్, మరికొందరు కైరోప్రాక్టర్లు 1976లో దావా వేయగా, 1987లో న్యాయమూర్తి సూసన్ గెట్జెండానర్ ఆ కట్టడి వ్యాపార స్వేచ్ఛా చట్టాలకు విరుద్ధమని తీర్పు చెప్పారు. 1990లో పై న్యాయస్థానం ఆ తీర్పును ఖాయం చేసింది. న్యాయస్థానం తేల్చింది వృత్తుల మధ్య పోటీ వ్యవహారాన్ని మాత్రమే. చికిత్స పనిచేస్తుందా లేదా అన్నది ప్రయోగాలు తేల్చవలసిన విషయంగానే మిగిలింది.

నేడు ఈ వృత్తికి 50 రాష్ట్రాలలోనూ లైసెన్సు ఉంది. శిక్షణ సాధారణంగా నాలుగు విద్యాసంవత్సరాలు. కైరోప్రాక్టరు పేరుకు ముందు డాక్టరు అని ఉన్నా ఎం.డి. పట్టభద్రుడు కాడు, శస్త్రచికిత్స చేయడు, దాదాపు అన్ని రాష్ట్రాలలోనూ మందులు వ్రాసే అధికారం లేదు.

బల్లమీద జరిగేది

రోగిని ముందుగా ప్రశ్నించి, వంచి, కాళ్ళు ఎత్తించి పరీక్షిస్తారు. తరువాత మెత్తని బల్లపై పక్కకు పడుకోబెట్టి, పై కాలును మడచి, భుజాన్ని ఒక వైపుకు, నడుమును మరొక వైపుకు తిప్పి పట్టుకొంటారు. కీలు ఇక కదలదన్న హద్దుకు చేరగానే, సెకనులో అయిదవ వంతు కూడ పట్టని వేగంతో ఒక చిన్న తోపు తోస్తారు. ‘టక్’మని శబ్దం వస్తుంది. నొప్పి పెడుతుందని బిగపట్టుకొన్న మనిషికి ఆశ్చర్యం, ఆ వెంటనే తేలికదనం కలుగుతాయి.

ఎముక స్థానంలోకి వచ్చి కూర్చున్న చప్పుడు అది అని చాలామంది భావిస్తారు. నిజానికి అది మెటికలు విరిచినప్పుడు వచ్చే శబ్దానికి సోదరి. కీళ్ళ మధ్య జిగట గల సంధిద్రవం ఉంటుంది. అందులో బొగ్గుపులుసు వాయువు, మరికొన్ని వాయువులు కరిగి ఉంటాయి. కీలు తలాలను హఠాత్తుగా ఎడం చేస్తే ద్రవంలో పీడనం పడిపోయి వాయువు బుడగగా వెలువడుతుంది. గోలీసోడాలో గోలీ దిగగానే బుడగలు లేవడానికీ ఇదే సూత్రం. బ్రిటనులోని లీడ్స్ పరిశోధకులు 1971లో వేళ్ళ కీళ్ళపై ఈ సంగతి చూపారు. 2015లో కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయంలో, లాగుతున్న వేలి కీలును ఎం.ఆర్.ఐ. యంత్రంలో చిత్రీకరించి, శబ్దం వచ్చే క్షణంలోనే ఖాళీ ఏర్పడడం గమనించారు. శబ్దం బుడగ పుట్టుక వల్లనా, అది కొంత కుంగడం వల్లనా అన్న వాదం ఇంకా తీరలేదు. వాయువు తిరిగి కరగడానికి సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది కనుకనే ఒకసారి విరిచిన మెటిక వెంటనే మళ్ళీ విరగదు.

ఎముక స్థానం మారుతుందా అన్నది కూడ కొలిచి చూశారు. 1998లో స్వీడన్ పరిశోధకులు పది మంది రోగులకు త్రికాస్థి పక్కనున్న కీలుపై ఈ చికిత్స జరిపి, అతి సూక్ష్మమైన ఎక్స్‌రే కొలతలతో పరిశీలించారు. చేతితో పరీక్షించిన వైద్యులకు కీలు సరి అయినట్లే తోచింది. కొలతలలో మాత్రం ఎముక కదలిన జాడ లేదు.

ఎముక జరగకుంటే నొప్పి ఎందుకు తగ్గుతుంది? పూర్తి వివరణ ఇంకా రాలేదు. వేగంగా సాగిన కండరాలు, కీళ్ళు పంపే సందేశాలు వెన్నుపాములో నొప్పి సందేశాలకు కొంతసేపు అడ్డుపడతాయని ఒక భావన. మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు 1965లో ప్రతిపాదించిన ద్వార సిద్ధాంతం దీనికి పునాది. దెబ్బ తగిలిన చోట అప్రయత్నంగా రుద్దుకొంటే హాయి కలగడం కూడ ఇటువంటిదే. బిగిసిన కండరం సడలడం, చేయి వేసి శ్రద్ధగా చూసే మనిషిపై కుదిరే నమ్మకం, కదిలినా ఏమీ కాలేదన్న ధైర్యం కూడ ఇందులో పాలు పంచుకొంటాయి.

ప్రయోగాల తీర్పు

1990లో బ్రిటనులో 741 మంది రోగులపై జరిపిన పరిశోధనలో ఆసుపత్రి చికిత్స పొందినవారికంటె కైరోప్రాక్టర్ల వద్దకు వెళ్ళినవారు మెరుగుగా ఉన్నారు. 1998లో సియాటిల్‌లో 321 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు కైరోప్రాక్టిక్, రెండవదానికి వ్యాయామ చికిత్స, మూడవదానికి ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. చికిత్స పొందిన జట్లు రెండూ సమానంగా నిలిచాయి. పుస్తకం జట్టుకంటె కొద్దిగా మాత్రమే మెరుగు. రెండేళ్ళ ఖర్చు మాత్రం కైరోప్రాక్టిక్‌కు మనిషికి 429 డాలర్లు, వ్యాయామ చికిత్సకు 437, పుస్తకానికి 153.

దీర్ఘకాలిక నొప్పి విషయంలో 2011లో 26 ప్రయోగాలను, 2019లో 47 ప్రయోగాలను సమీక్షించారు. రెండవ సమీక్షలోని రోగుల సంఖ్య 9,211. చేతితో వెన్నెముకను సరిచేసే చికిత్స వ్యాయామం వంటి ఇతర మంచి చికిత్సలతో దాదాపు సమానమైన ఉపశమనం ఇస్తుందని తేలింది. వాటిని మించిపోతుందని తేలలేదు. 2018లో అమెరికా సైనికులు 750 మందిపై జరిగిన ప్రయోగంలో మామూలు వైద్యానికి కైరోప్రాక్టిక్ తోడైనప్పుడు ఆరు వారాలలో నొప్పి మరికొంత ఎక్కువగా తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన సూచనలలో వ్యాయామం, అవగాహన కల్పించడం, మానసిక చికిత్సలతో పాటు ఈ చేతి చికిత్సకు కూడ చోటిచ్చింది. నల్లమందు జాతి మాత్రలను, నడుము పట్టీలను వద్దన్నది. బ్రిటను వైద్య సూచనలు 2016లో ఒక షరతు విధించాయి: వ్యాయామంతో కలిపితేనే ఈ చికిత్స, విడిగా కాదు.

శస్త్రచికిత్సతో పోలిక కూడ తెలుసుకోదగినది. 2005లో బ్రిటనులో 349 మంది దీర్ఘకాలిక రోగులలో కొందరికి పూసలను అతికే ఆపరేషను, కొందరికి పట్టుదలతో కూడిన వ్యాయామ శిక్షణ ఇచ్చి చూడగా తేడా స్వల్పంగానే ఉంది. అంటే, నాడి నొక్కుడు పడని సాధారణ నడుమునొప్పికి కత్తిని చివరిదాకా ఆపవచ్చు.

ఎవరు వెళ్ళరాదు

కొన్ని లక్షణాలు కనిపిస్తే కైరోప్రాక్టరు బల్ల ఎక్కక ముందే ఎం.డి. వైద్యుని చూడాలి. మూత్రం, మలం అదుపు తప్పడం లేక మూత్రం బంధించడం, తొడల మధ్య స్పర్శ పోవడం, కాలి బలం రోజురోజుకూ తగ్గడం అత్యవసర సూచనలు. ఇటువంటప్పుడు ఆలస్యం గంటలలో లెక్క, ఆపరేషనే కాపాడుతుంది. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పూర్వం క్యాన్సరు వచ్చి ఉండడం, పడిపోయిన తరువాత మొదలైన నొప్పి, చాలాకాలం స్టీరాయిడ్లు వాడి ఉండడం కూడ ప్రమాద సూచికలే. భారతదేశంనుండి వచ్చినవారి విషయంలో వెన్నుపూసల క్షయను మరువరాదు. నెలల తరబడి నడుమునొప్పి, సాయంకాలపు జ్వరం, చిక్కిపోవడం కలిసి ఉంటే అమెరికా వైద్యునికి ఆ అనుమానం తట్టకపోవచ్చు. రోగి తానే గుర్తుచేయాలి.

పిల్లల వద్దకు చూడవచ్చిన తల్లిదండ్రుల సంగతి మరింత జాగ్రత్తగా ఆలోచించాలి. డెబ్బై ఏళ్ళ తల్లికి ఎముకలు గుల్లబారి ఉంటే గట్టి తోపుకు పూస విరగవచ్చు. రక్తం పలుచబడే మందులు వాడేవారు ఆ సంగతి ముందుగా చెప్పాలి. నడుము చికిత్సకు వెళ్ళినవారి మెడను కూడ విరుస్తామంటే వద్దని చెప్పే హక్కు రోగికి ఉంది. మెడ తిప్పుడు తరువాత అరుదుగానైనా మెదడుకు పోయే ధమని చీలి పక్షవాతం వచ్చిన ఉదంతాలున్నాయి. నడుము చికిత్సలో అట్టి తీవ్ర ప్రమాదాలు బహు అరుదు. ఒకటి రెండు రోజుల సలుపు మాత్రం సామాన్యం.

వెళ్ళేవారు చేయవలసినది

మంచి కైరోప్రాక్టరు పూర్వ చరిత్ర అడుగుతాడు, పరీక్షిస్తాడు, వ్యాయామం నేర్పుతాడు, కొద్ది వారాలలో గుణం కనిపించకపోతే మరొకరి వద్దకు పంపుతాడు. మొదటి రోజునే ఏడాదికి సరిపడ చికిత్సకు సొమ్ము కట్టమనేవారిని, ప్రతిసారీ ఎక్స్‌రే తీయించేవారిని, మధుమేహం, ఉబ్బసం కూడ పూసలు సరిచేసి నయం చేస్తామనేవారిని దూరంగా ఉంచడం మేలు. భీమా ఏడాదికి ఎన్ని సందర్శనలకు చెల్లిస్తుందో ముందే కనుక్కోవాలి. మెడికేర్ వెన్నెముకను చేతితో సరిచేసే చికిత్సకు చెల్లిస్తుంది. కైరోప్రాక్టరు తీయించే ఎక్స్‌రేకు చెల్లించదు.

ఈ చికిత్స ఇచ్చే ఉపశమనం కొంతకాలం ఉండేది. ఆ కాలాన్ని కుర్చీలో కూర్చొని గడిపితే నొప్పి తిరిగి వస్తుంది. కదలడానికి వినియోగిస్తే నడుము బలం పుంజుకొంటుంది. 2024లో ఆస్ట్రేలియాలో నడుమునొప్పి తగ్గిన 701 మందిపై జరిగిన పరిశోధన ఇందుకు సాక్ష్యం. నడక అలవాటు చేసుకొన్న జట్టులో నొప్పి తిరిగి రావడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టగా, రెండవ జట్టులో 112 రోజులే పట్టింది.

నడుము బాగుపడడానికి పాదాల సాయం కావాలన్న మాట ఒక విధంగా నిజమే. అవి ఎదురుకాళ్ళతో పుట్టినవారివి కానక్కరలేదు. నొప్పి ఉన్నవారు తమ పాదాలపై రోజూ అరగంట నడిస్తే చాలు.